రైసూత్‌లో ఒకదానికొకటి పట్టని గొట్టాలు

నేను ఒమన్‌లో సర్కారీ ఇంజనీరుగా పనిచేశానని చెప్పగానే వినేవాళ్లు ముందు జీతం గురించి అడుగుతారు, ఆ తర్వాత ఎండ గురించి అడుగుతారు. అక్కడ మీరు చేసిన పనేమిటండీ అని అడిగిన మహానుభావుడు ఇంతవరకూ తగల్లేదు. ఈ మధ్య మా కాలనీలో ఇంజనీరింగు ముగించిన పిల్లలు గల్ఫ్ ఉద్యోగాలకి బయల్దేరే ముందు మొహమాటానికి నా దగ్గరికొచ్చి సలహా అడిగి పోతున్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ ఒప్పందంలో ఏ పని ఉందో మీ కంపెనీ చెబుతుంది. ఏ పని ఎవరి ఒప్పందంలోనూ లేదో అది మీరు కనుక్కోండి. మనుషులు చచ్చేది అక్కడే. పిల్లలు తల ఊపి, కాఫీ తాగి వెళ్లిపోతారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదని వాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

పదోన్నతులూ సన్మానాలూ రాయను. అవి నా పెన్షనుకి పనికొచ్చాయి, మీకు పనికిరావు. రైసూత్ రేవు దగ్గర నీళ్ల గొట్టాల సంగతి రాస్తాను.

రెండు రకాల సర్కార్లు

మాది కాకినాడ. ఒమన్ వెళ్లకముందు మన రాష్ట్రంలో నీటి సరఫరా శాఖలో చేశాను. అక్కడ అన్నీ సర్కారే చేసేది. గొట్టం సర్కారుది, గొట్టం వేసే మేస్త్రీ సర్కారు మనిషి, పగిలితే అతుకు వెయ్యాల్సింది సర్కారు, వెయ్యకపోతే తిట్లు తినేదీ సర్కారే. ఒక రబ్బరు వాషరు కావాలని స్టోర్సుకి రాస్తే అది వచ్చేసరికి వేసవి పోయి వానాకాలం వచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది. అయితే ఆ వాషరు ఎప్పుడొచ్చినా రాష్ట్రంలో ఏ ఊరి కుళాయికైనా పట్టేది. అదొక గొప్పని నాకు అప్పట్లో తోచలేదు.

డెబ్బైల చివర్లో ఒమన్ వెళ్లాను. సలాలా పట్నంలో ఆఫీసు, అక్కణ్ణించి జీపులో కొంచెం దూరం పోతే రైసూత్ రేవు. రేవు చుట్టుపక్కల వేస్తున్న నీటి లైన్లను సర్కారు తరఫున చూడటం నా ఉద్యోగం. చూడటం అంటే చూడటమే, చెయ్యి పెట్టకూడదు. అసలు పెట్టడానికి సర్కారు దగ్గర ఒక పైపు రెంచి అయినా ఉంటే కదా! రేవు కట్టేది ఒక దేశపు కంపెనీ, రోడ్డూ దాని పక్క నీటి లైనూ వేసేది ఇంకో దేశపు కంపెనీ, వాళ్ల పని సరిగ్గా ఉందా లేదా అని చూసే కన్సల్టెంట్లు మూడో దేశం వాళ్లు. సిమెంటు ఎక్కణ్ణించో, ఇనుము ఇంకెక్కణ్ణించో వచ్చేవి. కూలీలు మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు. డబ్బులో కొంత చమురు అమ్మగా వచ్చింది, కొంత బయట తెచ్చిన అప్పు. వీళ్లందరి ముందూ సర్కారు తరఫున నిలబడటానికి ఒక మనిషి కావాలి కదా, అతన్ని కాకినాడ నుంచి తెప్పించుకున్నారు.

గ్లోబలైజేషన్ అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు. మా దగ్గరికి అది చెక్కపెట్టెల్లో వచ్చేది. క్రేను దింపేది, మేం మేకులు పీకి చూసేవాళ్లం. ఏ పెట్టె తెరిచినా సరుకు బ్రహ్మాండంగా ఉండేది. నా బాధల్లా అదే. చెడ్డ సరుకైతే వెనక్కి పంపి ఊరుకోవచ్చు. దేనికది బ్రహ్మాండంగా ఉండి, ఒకటి ఇంకొకదానితో కలవనంటే ఎవణ్ణి తిట్టాలి?

మూడు మూతులు

మంటలార్పడానికి రోడ్డు పక్కన నిలబెట్టే లావుపాటి కుళాయిని హైడ్రెంట్ అంటారు. ఫైరింజను వచ్చి తన గొట్టాన్ని దాని మూతికి తగిలిస్తే నీళ్లు గొట్టంలోకి వస్తాయి. తగిలించే చోట ఉండే ఇత్తడి ముక్క పేరు కప్లింగ్. అరచేతిలో పట్టే వస్తువు. దానికోసం నేను ఒమన్‌లో అరిచిన అరుపులు మా ఆవిడ మీద జీవితం మొత్తంలో అరిచి ఉండను.

రోడ్డు కంపెనీ వాళ్లు కూలీల క్యాంపు ముందు కొత్త హైడ్రెంట్ పెట్టారు. నీళ్లు ఎంత జోరుగా వస్తాయో చూద్దామని ఊరి ఫైరింజనుని పిలిపించాను. నాతో మస్తాన్ వచ్చాడు. కడప మనిషి, పైపు ఫిట్టరు. మా ఆఫీసులో చేతులతో పనిచేసేవాడు అతనొక్కడే, మిగతావాళ్లమంతా చూసేవాళ్లం. మస్తాన్ ఫైరింజను గొట్టం తీసుకెళ్లి హైడ్రెంట్ మూతికి పెట్టాడు, తిప్పాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత లేచి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం సార్ ఇది! ఒకోడు ఒకో మాదిరి పంపించినాడు. రేవులో ఉండేది కొక్కేలతో పట్టుకునేది. ఈడ పెట్టిండేది తిప్పి బిగించేది. బండిది సూస్తే నొక్కితే కూసునేది. దేన్ని తెచ్చి దేనికి పెట్టల్ల నేను?"

"రేవులో గొట్టం తెచ్చి చూడవయ్యా."

"సూసినా సార్. అదీ అట్లే. మూడిట్లో ఏ రెండూ కలవవు."

మూడూ మంచివే. మూడూ వాటి వాటి దేశాల్లో వేల కొంపల్ని కాపాడినవే. మా రైసూత్‌కి వచ్చేసరికి మూడూ కలిసి ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

ఇదంతా క్యాంపు మనుషులు చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్లలో లింగయ్య అని జగిత్యాల వైపు మనిషి, లైను కోసం కందకాలు తవ్వే జట్టులో ఉండేవాడు. ముందుకొచ్చి అడిగాడు.

"సారూ, గిండ్ల నీళ్లున్నయా, లేవా?"

"బోలెడున్నాయయ్యా."

"నీళ్లున్నయి, బండున్నది. మరింక ఏం గావాలె?"

పక్కనున్న మనిషి నవ్వుతూ కలగజేసుకున్నాడు. "మా బామ్మర్దికి అన్నీ అడుగుడే సారూ, ఏమనుకోకుండ్రి. చాయ్ తాగి పోదురు గని రాండ్రి."

అతను మల్లేశం, లింగయ్య అక్క భర్త. బావ ముందొచ్చి, కుదురుకుని, బామ్మర్దిని తెప్పించుకున్నాడు. రైసూత్‌లో ఆ ఇద్దరూ ఒకే రూమ్. ఊరినుంచి పుంటికూర విత్తనాలు తెచ్చుకుని రూమ్ పక్కనే ఇంత జాగాలో చల్లాడు మల్లేశం. సలాలా మట్టికి ఏది వేసినా వస్తుంది. ఆ తర్వాత నేను చాలా శుక్రవారాలు ఆ కూర కోసం వెళ్లాను. మా కోస్తా వాళ్లం దాన్ని గోంగూర అంటామని చెబితే, "మీ పేరు మీరు పెట్టుకోండ్రి, కూర మాత్రం మాది" అనేవాడు.

వెళ్లినప్పుడల్లా నాకు కూర కంటే క్యాంపు ఎక్కువ కనిపించేది. ప్లైవుడ్ గోడల రూములు వరసలు వరసలుగా, వరసకీ వరసకీ మధ్య ఒక మనిషి పట్టే సందు. ఒక కొసన వంట షెడ్డు, దాన్నిండా కిరసనాయిలు స్టవ్వులు. ఇంకో కొసన మల్లేశం వాళ్ల రూమ్, దాని వెనక గోడకి ఆనించి ఓడ దిగిన పైపుల గుట్ట. షెడ్డులో మంట లేస్తే ఆ కొసవాళ్లు బయటపడే దారి సందు ఒక్కటే. దాన్ని ఆర్పగలిగేది ఎదురుగా నిలబడ్డ హైడ్రెంట్, దానికి గొట్టం పట్టదు.

అడాప్టర్ అనే జబ్బు

కన్సల్టెంట్ కంపెనీకి అక్కడ పెద్ద బ్రాడ్లీ అనే ఇంగ్లీషాయన. చెడ్డవాడు కాదు. ముందే ఈ మాట చెబుతున్నాను, లేకపోతే మీరు దొంగ దొరికాడని సంతోషిస్తారు. పనిమంతుడు, లంచం ముట్టడు, ఎండలో నాతో సమానంగా తిరిగేవాడు. నా గోల అంతా విని ఆయన అన్నది ఇదీ. రేవు కంపెనీ తన ఒప్పందం ప్రకారం మంచి హైడ్రెంట్లు పెట్టింది. రోడ్డు కంపెనీ తన ఒప్పందం ప్రకారం మంచివి పెట్టింది. ఫైరింజను అమ్మినవాళ్లు మంచి బండి ఇచ్చారు. ఇవి ఒకదానికొకటి పట్టాలని ఏ ఒప్పందంలోనూ లేదు.

"ఎందుకు లేదు?"

"సర్కారు అడగలేదు కాబట్టి."

"మధ్యలో అడాప్టర్ పెట్టించండి మరి" అన్నాను. ఒకవైపు తిరిగే మూతి, ఇంకోవైపు నొక్కే మూతి ఉన్న ముక్క. మంచి ఆలోచనే అన్నాడు. దాన్ని ఎవరు కొనాలి? మళ్లీ ఏ ఒప్పందంలోనూ లేదు. కొత్త టెండరు పిలవాలి.

నేను బొమ్మ గీశాను, మస్తాన్ రేవు వర్క్‌షాపులో లేత్ మీద ఇత్తడి ముక్క తీశాడు. క్యాంపు ముందే తగిలించి తిప్పాం. గొట్టం ఉబ్బి, నీళ్లు రోడ్డు దాటి వెళ్లి పడ్డాయి. మనుషులు ఈలలు వేశారు. మల్లేశం తడిసిన లుంగీ పిండుకుంటూ, "సారూ, ఇగ మాకు స్నానాలు గూడ గిట్లనే పెట్టియ్యుండ్రి" అన్నాడు. ఆ ముక్కని గొలుసుతో ఫైరింజనుకి వేలాడదీయించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్లకి బ్రాడ్లీ ఆ ముక్క పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. ఫైరింజను మరమ్మతులు చూసే కంపెనీవాడు దాన్ని చూశాడట. పరీక్ష చేయించని ముక్క బండికి తగిలిస్తే గ్యారంటీ పోతుందన్నాడట.

"ఇది పగిలి ఎవరికైనా తగిలితే బాధ్యత ఎవరిది, రావ్?"

"క్యాంపు తగలబడితే బాధ్యత ఎవరిదండీ?"

"అది నా కాంట్రాక్టులోకి రాదు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. ముక్క నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పిల్లలూ, ఈ అడాప్టర్‌తో జాగ్రత్త. నేను చేయించింది కాబట్టి నాకు తెలుసు. అది తాత్కాలికంగా గండం గట్టెక్కిస్తుంది, అందుకని అసలు నిర్ణయం తీసుకోవాల్సినవాడు హమ్మయ్య అనుకుని దుప్పటి కప్పుకుంటాడు. ఆ తర్వాత ప్రతి పెట్టెకీ ఒక అడాప్టర్, ఆ అడాప్టర్‌కి ఇంకో అడాప్టర్. కావలసింది ఇత్తడి ముక్క కాదు, ఒక మాట. రేవులో దిగే ప్రతి హైడ్రెంట్‌కీ గొట్టానికీ మూతి ఇలాగే ఉండాలి అనే ఒక్క మాట. అది ఏ కంపెనీ చెప్పలేదు, కన్సల్టెంట్ చెప్పలేడు. సర్కారే చెప్పాలి.

ముదీర్ గారి గుమ్మం

పై అధికారిని అక్కడ ముదీర్ అంటారు. మా ముదీర్ సాలిం, ఒమనీ. జాంజిబార్‌లో పుట్టి పెరిగి, అక్కడే చదువుకుని, సొంత దేశంలో పనులు మొదలవుతున్నాయంటే తిరిగొచ్చినవాడు. నాకంటే చిన్నవాడు. ఆయన ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లానో, ఎన్ని కప్పుల కహ్వా, అదే అరబ్బీ కాఫీ, తాగానో చెప్పలేను. వెళ్లిన ప్రతిసారీ ఒకటే అడిగేవాణ్ణి.

"మూడిట్లో ఏదో ఒకటి ఖాయం చెయ్యండి సార్. ఏదైనా ఫరవాలేదు. పోనీ, చీట్లు వేసి తియ్యండి."

ఒకసారి బ్రాడ్లీ కూడా ఉన్నాడు. ఆయన మెల్లిగా అడ్డుపడ్డాడు. ఈ పనులకి అప్పిచ్చినవాళ్ల షరతు ఒకటుంది, టెండరు అన్ని దేశాలవాళ్లకీ తెరిచి ఉండాలి. ఫలానా మూతి అంటే ఫలానా దేశానికి మేలు చేసినట్టవుతుంది. మిగతావాళ్లు గొడవ చేస్తారు.

నాకు మండింది. "అంటే సర్కారు ఎవరి సరుకైనా కొనొచ్చు, తనకేం కావాలో మాత్రం చెప్పకూడదు, అంతేనా?"

"నేనలా అనలేదు."

"మీరన్నది అదే."

బ్రాడ్లీ వెళ్లాక సాలిం నన్ను కూర్చోమన్నాడు. "రావ్, నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోంది. కానీ కొన్నేళ్ల కిందట ఈ దేశంలో రోడ్డంటే ఏమిటో చాలామందికి తెలీదు. ఆస్పత్రి కోసం మనుషులు ఎన్నాళ్లు ఎదురుచూశారో నీకు తెలీదు. ఇప్పుడు అన్నీ ఒక్కసారిగా ఓడల్లో వస్తున్నాయి. నేను గుమ్మంలో నిలబడి ఇది వద్దు, అది వద్దు అంటే, వచ్చేవాళ్లు రావడం మానేస్తే?"

"మానరు సార్. అమ్ముకునేవాడు వాడు. మూతి ఇలా కావాలంటే అలాగే చేసి పంపుతాడు. ఏమీ చెప్పకపోతేనే తన గోడౌన్‌లో ఉన్నది పంపుతాడు."

"ఇన్‌షా అల్లా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

ఆ భయం ఒక్క సాలింది కాదు. బయటి నుంచి డబ్బూ సరుకూ మనుషులూ వచ్చిపడే ప్రతి దేశంలోనూ ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అదే భయం. గట్టిగా మాట్లాడితే ఓడ పక్క రేవుకి పోతుందని. ఇప్పుడు పేపర్లలో పెద్దలు, ప్రపంచమంతా ఒక బజారయ్యాక సర్కారుకి పని తగ్గిపోతుందని రాస్తుంటే చిరాకేస్తుంది. ఎక్కడ తగ్గింది? సర్కారు గొట్టాలు వెయ్యడం మానెయ్యొచ్చు, నాకేం అభ్యంతరం లేదు, మన స్టోర్సు సంగతి చూసినవాణ్ణే. కానీ ఒక్క కంపెనీయే అన్నీ చేసేచోట ఎవరూ కొలత చెప్పనక్కర్లేదు. పదిమంది వచ్చి పది ముక్కలు తెచ్చేచోట కొలత చెప్పేవాడు లేకపోతే కుదరదు. చెయ్యాల్సిన పని తగ్గి, చెప్పాల్సిన మాట పెరుగుతుంది. సర్కార్లు ఏం చేశాయంటే, పని మానేశాయి, దాంతోపాటు మాట కూడా మానేశాయి.

పొడిగాలి

చలికాలంలో సలాలాకి ఎడారి వైపు నుంచి పొడిగాలి వీస్తుంది. ఒళ్లంతా ఇసుక. అలాంటి ఒక మధ్యాహ్నం నేనూ మస్తానూ రేవు దారిలో లైను చూస్తుంటే క్యాంపు వైపు నల్లటి పొగ లేచింది. జీపు తిప్పాం. మేం వెళ్లేసరికి ఫైరింజను కూడా వచ్చింది. ఆలస్యం లేదు, ఏ లోపమూ లేదు. వంట షెడ్డు పోయింది, గాలికి మంట మొదటి వరస ఎక్కింది.

ఎక్కువమంది డ్యూటీలో ఉన్నారు. ఉన్న కొద్దిమందీ బయటపడ్డారు. మల్లేశం ఒక్కడు బయటికి రాలేదు. జ్వరం వచ్చి పొద్దున పనికి పోలేదని, కొస రూములో పడుకున్నాడని ఎవరో అరిచారు. లింగయ్య సైట్ నుంచి పరిగెత్తుకొచ్చాడు. సందులోకి దూరబోతే నలుగురు పట్టుకున్నారు.

"మా బావ లోపటున్నడు! ఇడువుండ్రి! నీళ్లు గొట్టుండ్రి ఆడ, సందుల గొట్టుండ్రి, నేను పోత!"

అడిగింది సరైన పనే. సందులో నీళ్లు కొడితే దారి దొరుకుతుంది. కొస వరస ఇంకా అంటుకోలేదు. బండిలో ఉన్న నీళ్లు కాసేపు కొట్టారు, అయిపోయాయి. గొట్టం హైడ్రెంట్ దగ్గరికి లాగారు. బండితో వచ్చిన ఒమనీ ఫైర్‌మన్ కొత్తవాడు, గొట్టాన్ని మూతికి అదిమిపెట్టి, చేతులు చీరుకుపోయేలా నొక్కుతున్నాడు. అది పట్టదని నాకు తెలుసు, మస్తాన్‌కి తెలుసు, ఆ మనిషికి తెలీదు.

"సార్, మన ముక్క యాడుంది?"

"ఆఫీసులో."

మస్తాన్ జీపెక్కి సలాలా వైపు వెళ్లిపోయాడు. నేను హైడ్రెంట్ తిప్పేశాను. నీళ్లు ఇసుక మీద ధారగా పడ్డాయి. ఎన్ని నీళ్లు! మోకాళ్ల దాకా తడిసిపోయాం. జనం బకెట్లు, అన్నం డేగిశాలు, ఏది దొరికితే అది పట్టి విసురుతున్నారు. పది అడుగుల అవతల గొట్టం చప్పిడిగా పడి ఉంది. వెనక నుంచి గోడ బద్దలు కొడదామని కొందరు పోయారు గానీ, ఆ పైపుల గుట్ట కదిపితే కదిలేది కాదు. లోపలి నుంచి మల్లేశం గొంతు వినిపించిందని లింగయ్య అన్నాడు. నాకు వినిపించలేదు. వినిపించలేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

మస్తాన్ తిరిగొచ్చి ముక్క తగిలించాడు. గొట్టం ఉబ్బింది. నీళ్లు ఎంతో జోరుగా వచ్చాయి. అప్పటికి తడపడానికి బూడిదే మిగిలింది.

ఎవరూ తప్పు చెయ్యలేదు

విచారణ అని మా ఆఫీసులోనే బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. క్యాంపు ముందు హైడ్రెంట్ ఉండాలన్నారు, ఉంది అన్నాడు క్యాంపు కంపెనీవాడు. మా హైడ్రెంట్‌లో నీళ్లు వచ్చాయా లేదా, అందరూ చూశారుగా అన్నాడు రోడ్డు కంపెనీవాడు. బండి వెంటనే వచ్చిందా లేదా అన్నాడు మరమ్మతుల కంపెనీవాడు. పైపులు పెట్టడానికి మాకు చూపించిన జాగా అదే అన్నాడు ఇంకొకడు. బ్రాడ్లీ అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మల్లేశం శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుందన్నారు. అది మాత్రం ఒప్పందంలో ఉందట.

చెప్పినవన్నీ నిజాలే. ఒక్కడు కూడా తప్పు చెయ్యలేదు. మల్లేశం చచ్చిపోయాడు.

సాలిం అందరినీ పంపించేసి, నన్నూ బ్రాడ్లీనీ ఉండమన్నాడు. "మూడిట్లో ఏది, రావ్?" అని అడిగాడు. ఫైరింజన్లకి ఉన్నది నొక్కే రకం కాబట్టి అదే పెట్టండి అన్నాను. అక్కడికక్కడే రేవు అధికారిని పిలిపించి చెప్పాడు. ఇకమీదట ఈ రకం మూతి లేని హైడ్రెంట్ గానీ గొట్టం గానీ రేవు గేటు దాటకూడదు. ఉన్నవాటి మూతులు ఆయా కంపెనీలే మార్చాలి.

"అప్పిచ్చినవాళ్లు అడుగుతారు" అన్నాడు బ్రాడ్లీ.

"నా పేరు చెప్పండి" అన్నాడు సాలిం.

గేటు దగ్గర మొదట ఆగిపోయింది సర్కారీ ఆస్పత్రి కోసం వచ్చిన హైడ్రెంట్ల పెట్టెలే! రాజధాని మస్కట్ నుంచి ఫోను వచ్చింది. నేను ఎదురుగా ఉన్నాను. అవతలి మనిషి చాలాసేపు అరిచాడు, ఇవతలి దాకా వినిపించింది. సాలిం నుదురు తుడుచుకుంటూ అంతా విని, "లా" అన్నాడు. అరబ్బీలో ఆ మాటకి కుదరదని అర్థం. ఫోను పెట్టేశాడు.

ఏమైంది? ఏమీ కాలేదు. ఒక్క ఓడ కూడా పక్క రేవుకి పోలేదు. ఆస్పత్రికి సరుకు పంపినవాళ్లు కొద్దిరోజుల్లోనే సరైన మూతులు పంపి, మీకిది కావాలని ముందే చెబితే ముందే పంపేవాళ్లం కదా అన్నారు. మిగతా కంపెనీలవాళ్లు గొణుక్కుంటూనే మార్చేశారు. అప్పిచ్చినవాళ్లు అడగనే లేదు. ఇన్నాళ్లూ మేం భయపడింది ఎవరికో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఇంత తేలికైన పనికి ఒక మనిషి చావాలా?

క్యాంపు ముందు హైడ్రెంట్‌కి మూతి మార్చే రోజున నేను వెళ్లాను. మస్తాన్ పాతది విప్పి కొత్తది బిగించాడు. కందకం జట్టులోనే పనిచేస్తున్న లింగయ్య గొట్టం లాక్కొచ్చి, మస్తాన్ చెప్పినట్టు మూతికి పెట్టి నొక్కాడు. టక్కున కూర్చుంది. నీళ్లు వదిలితే గొట్టం నిండింది. ఈసారి ఎవరూ ఈలలు వెయ్యలేదు. మేం చాయ్ తాగినంతసేపు కూడా పట్టలేదు ఆ పని.

లింగయ్య చేతులు తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"అయిపాయెనా సారూ? గింతేనా?"

"ఇంతేనయ్యా."

"గింత అల్కగ అయ్యేదుంటే, మా బావ ఉన్నప్పుడే ఎందుకు జెయ్యలే?"

టెండర్లు, షరతులు, గ్యారంటీలు, మస్కట్, అన్నీ నోటిదాకా వచ్చాయి. అన్నీ నిజాలే. అతనికి చెప్పదగ్గది వాటిలో ఒక్కటీ లేదు.

"చెప్పాల్సింది సర్కారు, లింగయ్యా. అప్పుడు ఇక్కడ సర్కారు లేదు" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

"మీరుంటిరి గద సారూ" అన్నాడు.